పవర్ బ్యాంక్ మీద నడిచే ఫ్యాన్‌కి వైఫై స్విచ్ ఎందుకు బ్రో?

యూఎస్‌బీ ఫ్యాన్ కొన్నా, లైట్ కొన్నా దాన్ని ఫోన్ నుంచి ఆన్ ఆఫ్ చేయాలని మనకి చేతులు దురద పెడతాయి. ఒక ఈఎస్‌పీ32 బోర్డు, ఒక మాస్‌ఫెట్ మాడ్యూల్, కాస్త కోడ్ ఉంటే ఆదివారం సాయంత్రానికి పని అయిపోతుంది. హాబీగా నాకూ ఇష్టమే. కానీ వజ్రపుకొత్తూరు వైపు ఉండేవాళ్లు అడిగితే మాత్రం నా ఓటు మామూలు నొక్కుడు బటన్‌కే.

కారణం తిత్లీ. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకి 140-150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అలాంటప్పుడు ఇంట్లో ఉన్న పవర్ బ్యాంకే మనకి సబ్‌స్టేషన్.

ఇప్పుడు లెక్క చూడండి. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 3.7 వోల్టుల దగ్గర 37 వాట్ అవర్లు. ఈఎస్‌పీ32 వైఫై ఆన్‌లో పెట్టుకుని సిగ్నల్ కోసం వింటూ కూర్చుంటే దాదాపు 100 మిల్లీయాంప్‌లు లాగుతుంది. 5 వోల్టుల దగ్గర అది అర వాట్, రోజుకి 12 వాట్ అవర్లు. ఫ్యాన్ ఒక్క రౌండు తిరగకముందే బ్యాంక్‌లో మూడో వంతు ఖాళీ! 5,000 ఎంఏహెచ్ ఫోన్‌కి సగం ఛార్జింగ్ ఎక్కించగల కరెంటుని స్విచ్చే తినేసిందన్నమాట. పైగా రౌటర్‌కే కరెంటు లేనప్పుడు ఆ స్విచ్ ఎవరి మాట వింటుంది?

"డీప్ స్లీప్‌లో పెడితే సరి కదా" అంటారు. చిప్ మైక్రోయాంప్‌లకి దిగుతుంది, నిజమే. కానీ అంత తక్కువ లాగితే చాలా పవర్ బ్యాంకులు ఏదీ కనెక్ట్ కాలేదనుకుని తమంతట తామే ఆగిపోతాయి. మళ్లీ లేపాలంటే బ్యాంక్ బటన్ నొక్కాల్సిందే. అంటే తిరిగి తిరిగి బటన్ దగ్గరికే వచ్చాం.

బటన్ అన్నాను కదా అని బోర్డుల మీద ఉండే బుల్లి టాక్ట్ స్విచ్‌ని నేరుగా వైర్‌లో పెట్టేయకండి. అవి సాధారణంగా 50 మిల్లీయాంప్‌లకే. నొక్కితే అలాగే నిలిచిపోయే రకం, కనీసం 2 యాంప్‌లది తీసుకుని ఎర్ర వైర్‌లో పెట్టండి.

మైక్రోకంట్రోలర్ నిజంగా పనికొచ్చే చోటు వేరే ఉంది. తోటలో కెమెరాకి పెట్టిన 4జీ డాంగిల్ హ్యాంగ్ అయితే, దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేయడానికి అక్కడ మనిషి ఉండడు. అక్కడ పెట్టండి, నేనేమీ అనను. కాకపోతే ఆన్‌లైన్‌లో ఎక్కడపడితే అక్కడ దొరికే ఐఆర్‌ఎఫ్520 మాడ్యూల్ జోలికి పోవద్దు. దాని 0.27 ఓమ్‌ల రెసిస్టెన్స్ గేట్‌కి 10 వోల్టులు ఇచ్చినప్పటి మాట. ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3 వోల్టులే, దాంతో అది సగం సగం తెరుచుకుని వేడెక్కుతుంది. డాంగిల్‌కి డేటా లైన్లు కూడా ఉంటాయి కాబట్టి గ్రౌండ్‌ని తెంపకుండా, ఏఓ3401 లాంటి పీ-ఛానల్ మాస్‌ఫెట్‌తో ఎర్ర వైర్‌నే తెంపండి. గేట్‌ని కిందికి లాగడానికి ఒక చిన్న ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్, చిప్ బూట్ అయ్యేలోపు గేట్ గాల్లో ఊగకుండా ఒక 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కావాలి. ఆ మాస్‌ఫెట్‌కి పక్కనే సమాంతరంగా ఒక బటన్ కూడా పెట్టేయండి. చిప్ మొరాయించినా డాంగిల్‌కి కరెంటు అందుతుంది.