ఫోన్ ఉంది.. మౌస్ పట్టిందెప్పుడు?

2024 జులై 18 నుంచి ఆగస్టు 5 దాకా తెలంగాణలో 11,062 టీచర్ పోస్టులకు డీఎస్సీ జరిగింది. పెన్ను, ఓఎంఆర్ షీటుతో కాదు, కంప్యూటర్ మీద. ఎంసెట్ అయితే 2018 నుంచే ఆన్‌లైన్. బ్యాంకులు, రైల్వే, ఎస్సెస్సీ సంగతి చెప్పక్కర్లేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఉద్యోగాలకు ప్రిపేరయ్యేవాళ్లకు డిజిటల్ అంతరం ఎదురయ్యేది ఇక్కడే. సబ్జెక్టు వస్తుంది, స్క్రీన్ మీద చేయి తడబడుతుంది.

2016 అక్టోబరు 11న పాత వరంగల్ నుంచి విడిపోయిన ఈ మూడు జిల్లాలనూ ఒకే గాటన కట్టలేం. జనగామ హైదరాబాద్–వరంగల్ హైవే మీదుంది, రైలూ ఉంది. మహబూబాబాద్‌కూ రైలుంది గానీ, అదే జిల్లాలోని కొత్తగూడ, గంగారం అడవి మండలాలు. భూపాలపల్లికి రైలే లేదు. బొగ్గు గనులు, చెల్పూరు థర్మల్ ప్లాంటు ఉన్న ఈ జిల్లాలోనే పలిమెల లాంటి మారుమూల మండలమూ ఉంది.

కొవిడ్ కాలం గుర్తుందా? 2020 సెప్టెంబరు 1 నుంచి సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు చెప్పారు. టీవీని ఎంచుకోవడంలోనే అసలు విషయం ఉంది.. ఇంటింటా నెట్ లేదు మరి. 2017–18 జాతీయ నమూనా సర్వే లెక్కల్లో గ్రామీణ భారతంలో కంప్యూటర్ ఉన్న ఇళ్లు 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతమే. అదే అసర్–2024 సర్వేకు వచ్చేసరికి, పల్లెల్లో 14–16 ఏళ్ల పిల్లల్లో 89 శాతం మంది ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉంది.

మరి అంతరం పోయినట్టేనా? పోలేదు, వేషం మార్చుకుంది. ఫోన్ వాడటం వచ్చిన ఆ పిల్లల్లో గడిచిన వారంలో చదువుకు వాడింది 57 శాతం, సోషల్ మీడియాకు వాడింది 76 శాతం. సొంత ఫోన్ ఉన్నది అబ్బాయిల్లో 36 శాతం, అమ్మాయిల్లో 27 శాతం. సోషల్ మీడియా వాడేవాళ్లలో ప్రొఫైల్‌ను ప్రైవేట్‌గా పెట్టుకోవడం తెలిసింది 55 శాతానికే.

డిజిటల్ పౌరసత్వం అంటున్నది దీన్నే. ఆన్‌లైన్‌లో మన హక్కేంటి, హద్దేంటి, మోసపోతే ఎవరికి చెప్పాలి అన్నది తెలిసి ఉండటం. ఈ దిశగా తెలంగాణ పోలీసు మహిళా భద్రత విభాగం, విద్యాశాఖ కలిసి 1,650 ప్రభుత్వ పాఠశాలల్లో 3,300 మంది విద్యార్థులను సైబర్ అంబాసిడర్లుగా తయారుచేసే పని మొదలుపెట్టాయి. మంచి పనే. కానీ 33 జిల్లాలకు పంచితే సగటున జిల్లాకు 50 బడులే. ఇంకో చిక్కు, ఈ పాఠం భయపెట్టడం దగ్గరే ఆగిపోతే ఇంట్లో ముందుగా లాక్కునేది అమ్మాయి ఫోన్‌నే. హాస్టల్‌లో ఫోన్ వాడకంపై ఆంక్షల కేసులో కేరళ హైకోర్టు 2019లోనే ఇంటర్నెట్ వాడుకునే హక్కు విద్యాహక్కులో భాగమని తేల్చింది. ఆ మాట మన బడుల దాకా ఇంకా రావాలి.

బడిలో నేర్పని దాన్ని ఉద్యోగాల వేటలో మోసగాళ్లు నేర్పుతారు, ఫీజు గట్టిగానే ఉంటుంది. టెలిగ్రామ్‌లో పార్ట్‌టైమ్ జాబ్ అంటారు. రేటింగులిస్తే మొదట రెండు మూడు వందలు నిజంగానే వేస్తారు. ఆ తర్వాత డిపాజిట్ అడుగుతారు. ఇంకోరకం వాళ్లు 'నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం' అంటారు. ఆ ఖాతాలోకి మోసం సొమ్ము వస్తే కేసు మీ మీద పడుతుంది. గవర్నమెంట్ జాబ్ ఆశ అక్కడే గల్లంతవుతుంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే సొమ్మును అవతలి ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ.

కోచింగ్‌కు హైదరాబాద్ వెళ్లలేనివాళ్లకు టీ-శాట్ నిపుణ ఉచితం. అయితే పాఠం ఫోన్‌లో విన్నా, మాక్ టెస్టు మాత్రం కాలేజీ ల్యాబ్‌లోనో నెట్ సెంటర్‌లోనో మౌస్ పట్టుకునే రాయండి. దరఖాస్తు నెట్ సెంటర్‌లో చేయించినా సరే, మెయిల్ ఐడీ, మొబైల్ నంబరు మీవే ఇవ్వాలి. చాలామంది సెంటర్ అన్న మెయిల్‌తోనే కానిచ్చేస్తారు. తర్వాత హాల్‌టికెట్ సమాచారం ఆయనకే పోతుంది, పాస్‌వర్డ్ ఆయన నోట్‌బుక్‌లోనే ఉండిపోతుంది.