మందుకు మోతాదే ప్రాణం

వ్యాధిని జయించాలన్న తపన మానవునికి అనాదిగా ఉంది. కొత్త మందును కనుగొన్న శాస్త్రజ్ఞుని లోకం వేనోళ్ల కొనియాడుతుంది. ఆ మందును ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు ఇవ్వాలో ఓపికగా తేల్చినవారి పేర్లు మాత్రం చాలామందికి తెలియవు. మొదటి పనిని గొప్పగాను, రెండవ దానిని చిన్నగాను చూడడం పొరపాటు. క్యాన్సర్ చికిత్స చరిత్రే ఇందుకు సాక్ష్యం.

ఆ చరిత్రలో ఒక తెలుగువాని స్థానం చిరస్మరణీయమైనది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించారు. అక్కడి బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. బోస్టన్ నగరంలోని వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్‌తో బాధపడే పిల్లలకు ఆ జాతి పదార్థాలను ఇచ్చి చూడగా, వ్యాధి తగ్గడానికి బదులు మరింత ఉద్ధృతమైనట్లు కనిపించింది. క్యాన్సర్ కణానికి ఫోలిక్ ఆమ్లం బలమిస్తున్నదంటే, ఆ బలాన్ని అందకుండా చేస్తే వ్యాధి లొంగదా? ఈ ఆలోచనతో ఫార్బర్ లెడర్లీ బృందం రూపొందించిన అమైనోప్టెరిన్ అనే మందును ప్రయోగించారు. 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించినట్లు 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ మేలు తాత్కాలికమేనని, నోటిపూత వంటి బాధలు కలుగుతున్నాయని కూడా ఆయన దాచకుండా రాశారు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

అమైనోప్టెరిన్‌కు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. కణం విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. ఈ మందు దానిని కణానికి పనికిరాకుండా చేస్తుంది. వేగంగా పెరిగే క్యాన్సర్ కణం అందువల్ల నశిస్తుంది. అయితే ఎముకల మూలుగలోను, నోటిలోను, పేగులలోను ఉండే ఆరోగ్యకరమైన కణాలు కూడా వేగంగా పెరిగేవే. మందుకు శత్రువెవరో మిత్రుడెవరో తెలియదు. ఆ తేడాను తెలియజేసేది మోతాదు ఒక్కటే. మితి మీరితే అమృతమైనా విషమే అన్న పెద్దల మాట ఇక్కడ అక్షరసత్యం.

పిల్లలకు ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్‌కు నేడు వాడే ముఖ్యమైన మందులలో చాలా వరకు 1970 నాటికే కనుగొన్నవి. ఒకనాడు ఆ వ్యాధి వచ్చిందంటే ఆశ వదులుకోవలసిందే. నేడు వైద్య వసతులు బాగా ఉన్న దేశాలలో ప్రతి 10 మంది పిల్లలలో 8 మందికి పైగా బ్రతికి బయటపడుతున్నారు. ఈ విజయంలో అధిక భాగం కొత్త మందులది కాదు. పాత మందులను ఏ వరుసలో, ఏ జోడింపుతో, ఏ కొలతతో ఇవ్వాలో ఏళ్ల తరబడి పరీక్షించి తెలుసుకున్న ఫలితమది.

ఒకే మందు అందరికీ ఒకేలా పనిచేయదు. అదే చికిత్సలో వాడే మెర్కాప్టోప్యూరిన్ అనే మందును శరీరంలో నిర్వీర్యం చేసే ఒక ఎంజైమ్ ఐరోపా సంతతివారిలో 300 మందిలో సుమారు ఒకరికి దాదాపు ఉండదు. అటువంటివారికి మామూలు మోతాదే ప్రాణాంతకమవుతుంది. ఆసియావాసులలో ఎక్కువగా కనిపించే మరొక జన్యుభేదం కూడా ఇటువంటి ప్రమాదానికే దారితీస్తుందని 2014లో వెల్లడయింది. ఒక ఖండంలో నిర్ణయించిన కొలతను మరొక ఖండంలో కళ్లు మూసుకొని అనుసరించరాదని ఇది హెచ్చరిస్తున్నది. మన ప్రజలకు తగిన మోతాదును మన దేశంలోనే పరిశోధించి తెలుసుకోవాలి.

ప్రయోగశాల దాటిన తరువాత కూడా ప్రమాదం పొంచి ఉంటుంది. మెథోట్రెక్సేట్‌ను తక్కువ మోతాదులో కీళ్లవాతానికి కూడా ఇస్తారు. అప్పుడు దానిని వారానికి ఒక్కసారే తీసుకోవాలి. పొరపాటున రోజూ మింగి ప్రాణాలు కోల్పోయినవారు అనేక దేశాలలో ఉన్నారు. అందుకే వారంలో ఏ రోజున వేసుకోవాలో ఆ రోజు పేరును మందుల చీటీపై స్పష్టంగా రాయాలని 2020లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ సూచించింది. చీటీపై రాసిన ఒక్క మాట నిండు ప్రాణాన్ని నిలుపుతుంది.

భద్రత పేరుతో పరీక్షలు పెంచితే కొత్త మందులు ఆలస్యమవుతాయని, ఖర్చు పెరుగుతుందని కొందరు వాదిస్తారు. ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. మృత్యువు ముంగిట ఉన్న రోగికి ప్రతి దినమూ విలువైనదే. కాని తొందరపాటువల్ల హాని కలిగితే నష్టం ఆ రోగితో ఆగదు. ప్రజలకు వైద్యంపై ఉన్న నమ్మకమే సడలుతుంది. వేగానికి జాగ్రత్త శత్రువు కాదు, తోడు.

మందులవల్ల కలిగే హానిని నమోదు చేయడానికి మన దేశంలో 2010లో ఔషధ నిఘా కార్యక్రమం ప్రారంభమైంది. వైద్యులే కాక రోగులు కూడా తమ అనుభవాన్ని దానికి తెలియజేయవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియకపోవడం విచారకరం. వైద్యుని అడగకుండా మందులు కొనడం, పొరుగువారి చీటీతో సరిపెట్టుకోవడం, బాధ కలిగినా మౌనంగా ఉండడం మానుకోవాలి.

ఔషధ పరిశ్రమకు హైదరాబాదు పేరుపొందింది. రేపు ఆ రంగంలో అడుగుపెట్టబోయే విద్యార్థులు ఒక సత్యాన్ని గుర్తుంచుకోవాలి. సుబ్బారావు వారసత్వమంటే కొత్త మందును కనుగొనడం మాత్రమే కాదు. ఆ మందు మనిషికి మేలే చేసేలా కాపు కాయడం కూడా ఆ వారసత్వంలో భాగమే.