కట్ట పోసినోళ్ళకి కట్ట మీద చోటు లేదా?

బెజవాడ కృష్ణలంక దాటి కరకట్ట ఎక్కండి. కుడిచేతి పక్క లంకలు, ఏరు. ఎడమచేతి పక్క మాగాణి. యనమలకుదురు, చోడవరం, మద్దూరు, రొయ్యూరు, తోట్లవల్లూరు. ఇంకా దిగువకి పోతే శ్రీకాకుళం, మోపిదేవి, పులిగడ్డ. అక్కడ కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ ఉన్నదే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు దాటి హంసలదీవి దగ్గరికి వెళ్తే నేల అయిపోయి సముద్రం మొదలవుతుంది.

ఈ దారెంట బస్సులో పోయినా, సైకిలు మీద పోయినా ఒక సంగతి కంటపడకుండా ఉండదు. ఊళ్ళు కట్టకి ఎడంగా మెరక మీద ఉంటాయి. కట్ట వాలులో మాత్రం తాటాకు పాకలు, రేకుల ఇళ్ళు వరసగా కనబడతాయి. వాటిల్లో ఉండేదెవరు? మాలలు, మాదిగలు, యానాదులు, చేపలు పట్టుకు బతికే జనం. పొలం ఉన్న ఆసామి కట్ట వాలులో పాక వేసుకున్నట్టు ఎవరైనా చూశారా?

రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట పుట్టినప్పుడల్లా మొదట రాయి పాతేది ఈ పాకల గుమ్మం ముందే. మొదట పలికే మాట ‘ఆక్రమణదారులు’. ఎవరి జాగాని ఎవరు ఆక్రమించారో తేలాలంటే ఈ కట్ట పుట్టుక దగ్గర్నుంచి లెక్క తీయాలి. ఈ సంచికలో ఆ లెక్కే తీయదలిచాం.

1832-33లో గుంటూరు కరువు వచ్చింది. మన పెద్దలు దాన్ని డొక్కల కరువు అన్నారు. గుంటూరు సీమలో ఉన్న 5 లక్షల జనంలో 2 లక్షల దాకా పోయారని ఆనాటి లెక్క. ముందు పోయింది ఎవరు? గాదెలో గింజ లేనివాళ్ళు. జనం చచ్చినందుకు కదలని కుంపిణీ దొరలు శిస్తు పడిపోయేసరికి కదిలారు. 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలెట్టి 1855కి పూర్తి చేశారు. ఆలోచన కాటన్ దొరది, దగ్గరుండి పని చేయించింది కెప్టెన్ ఓర్. 1952లో ఆ పాత ఆనకట్ట తెగింది. దాని జాగాలోనే 1957కి ప్రకాశం బ్యారేజీ లేచింది.

పుస్తకాల్లో దొరల పేర్లున్నాయి, మంత్రుల పేర్లున్నాయి. తట్ట మోసినవాళ్ళ పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా లేవు. ఆనకట్ట కట్టగానే సరిపోదు. కాలవలు తవ్వాలి, వరద పొలాల మీద పడకుండా ఏటి ఒడ్డున కట్టలు పొయ్యాలి. పలుగు, పార, తట్ట తప్ప వేరే యంత్రం లేని రోజులవి. ఉప్పర్లు, వడ్డెర్లు, ఊరూరి కూలి జనం తవ్వి పోసిన మట్టే ఈ కరకట్ట. మన తాతలు, అవ్వలు నెత్తిన మోసి పోసిన మట్టి మీద ఇవాళ తారు పరిచి, ‘ఇది సర్కారు జాగా, మీదెట్లా అవుద్ది?’ అని మనల్నే అడుగుతున్నారు!

కాలవలు పారాయి. డెల్టాలో వరి పండింది. బందరు కాలవలో పడవల మీద ధాన్యం పోయింది. 1908కి బందరుకి రైలూ వచ్చింది. ఎకరం విలువ పెరిగింది. పెరిగిన విలువంతా ఎవరి ఇంటికి చేరింది? కాలవ తవ్వినోడికి కాలవ కింద కుంట నేల కూడా దక్కలేదు. వాడు మునుపు పాలేరు, తర్వాతా పాలేరే. చల్లపల్లి జమీందారీ భూముల కోసం ఈ గడ్డ మీద పెద్ద పోరాటాలే నడిచాయి. 1973లో భూసంస్కరణల చట్టమూ వచ్చింది. ఎకరమో అరెకరమో పట్టా దొరికినవాళ్ళు కొందరున్నారు, కాదనం. కానీ డెల్టాలో సెంటు నేల లేని దళిత కుటుంబాలు కోకొల్లలు. కొడుక్కి పెళ్ళయితే వేరే పాక వేసుకోవడానికి పేటలో చోటుండదు. ఊళ్ళో కొనుక్కునే తాహతు ఉండదు, ఉన్నా మనకి అమ్మేవాడుండడు. అప్పుడు ఎక్కడికి పోతాం? కట్ట మీదికే.

ఇంకో సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి. ఈ దేశంలో రోడ్డు అంటే మట్టీ తారూ మాత్రమే అనుకుంటే పొరపాటు. చెప్పులు చేతబట్టుకుని నడిచిన జనం మనం. ఊరి బజారులో సైకిలు దిగి నడిపించుకుపోయిన జనం మనం. కేరళలో వైకోం గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం 1924, 1925 సంవత్సరాల్లో సత్యాగ్రహం చెయ్యాల్సొచ్చింది. ఆంధ్రదేశంలో 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. గుడివాడలో సేవాశ్రమం నడిపిన గూడూరు రామచంద్రరావు గారు దాని ఏర్పాటుకు పూనుకున్నారు. భాగ్యరెడ్డి వర్మ గారు అధ్యక్షత వహించారు. మనం పంచములం కాం, ఈ నేల మీద మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని తేల్చింది ఆ సభే. ఆ సభ జరిగిన రోజుల్లో అంటరానోళ్ళు కొండెక్కుతారేమోనని కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు!

అందుకే రాజ్యాంగం రాసేటప్పుడు బావులు, చెరువులు, స్నానఘట్టాలతోపాటు రోడ్ల పేరు కూడా విడిగా రాయాల్సొచ్చింది. 15వ అధికరణం రెండో భాగం తీసి చూడండి. ప్రభుత్వ డబ్బుతో నడిచే రోడ్డు మీద కులం పేరుతో ఎవర్నీ ఆపకూడదని అందులో ఉంది. ఆచారంగా అందరూ నడిచే దారిని దళితులకి అడ్డుకుంటే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద అది నేరం. రోడ్డు మనకి ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు. అది మన హక్కు.

కాబట్టి ఒక మాట తేటగా చెప్పుకుందాం. మేము రోడ్డుకి అడ్డం కాదు. రోడ్డొస్తే మనకీ మేలే. పామర్రు సెంటరులో నిలబడండి. ఒక దారి బందరుకి, ఒకటి బెజవాడకి, ఒకటి కూచిపూడి మీదుగా చల్లపల్లికి, ఇంకొకటి గుడివాడకి పోతుంది. ఆ దారుల మీదే మన పిల్లలు హాస్టళ్ళకి, కాలేజీలకి పోయారు. కామందు కళ్ళ ముందు నుంచి తప్పుకుని వేరే ఊళ్ళో వేరే కూలి వెతుక్కున్నారు. నొప్పులొచ్చిన ఆడమనిషిని ఆసుపత్రికి చేర్చింది రోడ్డే. పులిగడ్డ–పెనుమూడి వారధి రాకముందు అటు రేపల్లె వైపు పోవాలంటే ఏటి దగ్గర పడవ కోసం పడిగాపులు పడాల్సొచ్చేది. రోడ్డు విలువ మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

కట్ట విలువ కూడా మనకే ఎక్కువ తెలుసు. 1864లో ఉప్పెన వచ్చి బందరులో, చుట్టుపక్కల 30 వేల మంది దాకా పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద సముద్రం విరుచుకుపడింది. పది వేల పైచిలుకు ప్రాణాలు పోయాయి. సొర్లగొంది లాంటి పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. మేడలున్నవాళ్ళు మేడెక్కారు. పాకలో ఉన్నవాడు ఏం ఎక్కుతాడు? గాలి ఒకటే, నీళ్ళు ఒకటే. చావు మాత్రం ఇల్లు చూసి, కులం చూసి వచ్చింది.

2009 అక్టోబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024 సెప్టెంబరులో అది కూడా వెనకబడి 11.43 లక్షలకి చేరింది. బెజవాడలో కృష్ణలంకకి ఏటి ఒడ్డున కాంక్రీటు గోడ కట్టారు. అక్కడి పేదలు ఒడ్డున పడ్డారు, సంతోషమే. మరి దిగువన కట్టకీ ఏటికీ మధ్య ఉన్న లంకల మాటేంటి? అరటి, పసుపు, కంద, చెరుకు అన్నీ నీళ్ళపాలు. కౌలుకి చేసినవాడికి పంట పోయినా కౌలు అప్పు పోదు. అప్పుడు పిల్లల్ని, గొడ్లని తోలుకుని ఎక్కేది కరకట్టే. వరదలో ప్రాణం నిలబెట్టే చోటు నుంచి వరద తీశాక మనల్ని లేచిపొమ్మంటే ఎట్లా?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. రోడ్డు బోర్డులు మారుతున్నాయి. పాత 9వ నెంబరు 65 అయింది. పాత 214ఏ ఇప్పుడు 216. బందరు, చల్లపల్లి, పులిగడ్డ దాటి బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు దాకా అదే రోడ్డు. పామర్రు–గుడివాడ జాతీయ రహదారి నెంబరు ఇప్పుడు 165. జిల్లా రోడ్డు స్టేటు హైవే అవుతుంది, స్టేటు హైవే నేషనల్ హైవే అవుతుంది. బోర్డు మారినప్పుడల్లా పక్కనున్న పొలం రేటు పెరుగుతుంది. పట్టా ఉన్న ఆసామికి నష్టపరిహారం వస్తుంది, మిగిలిన పొలానికి రేటూ వస్తుంది. కట్ట మీద పాక ఉన్నవాడికి ఏమొస్తుంది? ఒక నోటీసు. ఒక్కోసారి అదీ రాదు.

చట్టం మన పక్కన ఏమీ చెప్పలేదని కొందరు ఆఫీసుల్లో బుకాయిస్తారు. నమ్మొద్దు. 2013 భూసేకరణ చట్టం భూమి ఉన్నవాడినే కాదు, ఆ భూమి మీద మూడేళ్ళుగా కూలికి, కౌలుకి బతుకుతూ జీవనాధారం పోగొట్టుకునేవాడిని కూడా బాధిత కుటుంబంగా లెక్కించమంది. జాతీయ రహదారుల కోసం తీసుకునే భూములకి కూడా ఆ పరిహారం, పునరావాసం వర్తిస్తాయని 2015లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. డీ-పట్టా భూమి సర్కారుదే, ఊరికే తీసుకుంటామని అంటే మేకల పాండు కేసు పేరు చెప్పండి. అసైన్డు భూమి వెనక్కి తీసుకున్నా సొంత పట్టాదారుకిచ్చినట్టే మార్కెట్ ధర కట్టివ్వాలని 2004లో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది.

అయినా కాగితం దానంతటది నడిచిరాదు. పట్టుకుని నడిపించేవాళ్ళుండాలి. అందుకే ప్రతి పేటలోనూ, కట్ట మీద ప్రతి వాడలోనూ ఈ పక్షం రోజుల్లోనే కొన్ని పనులు చెయ్యాలని కార్యకర్తల్ని కోరుతున్నాం.

కట్ట మీద ఎన్ని ఇళ్ళున్నాయో, ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నారో మనమే పేర్లతో రాసుకోవాలి. రేషన్ కార్డు, ఓటరు కార్డు, కరెంటు బిల్లు, ఉపాధి హామీ కార్డు, పిల్లల బడి సర్టిఫికెట్టు, ఏది ఉంటే దాని జిరాక్సు తీసి ఒకచోట పెట్టాలి. రాళ్ళు పాతిన తర్వాత వెతికితే దొరకవు. రోడ్డు నక్షాని ఆఫీసు బల్ల మీద కాకుండా పేటలో, గ్రామసభలో, ఆడవాళ్ళు కూడా కూర్చున్నప్పుడు తెలుగులో చదివి వినిపించమని అర్జీ పెట్టాలి.

అడగాల్సినవి కూడా సూటిగా అడుగుదాం. ముందు ఇళ్ళస్థలం పట్టా ఇవ్వాలి, అదీ ఆడవాళ్ళ పేరు మీద. పట్టా చేతికొచ్చి ఇల్లు లేచాకే పాక మీద చెయ్యెయ్యాలి. ఆ స్థలం మునిగే పల్లంలో ఉండకూడదు, కూలికి పోలేనంత దూరంలోనూ ఉండకూడదు. మన శ్మశానాలు చాలాచోట్ల ఏటి ఒడ్డునే ఉన్నాయి. రోడ్డు లేపితే శవాన్ని మోసుకుపోయే దారి మూయకుండా వదలాలి. లంకల నుంచి వరదలో గొడ్లతో సహా ఎక్కిరావడానికి కట్టకి వాలుదారులు వెయ్యాలి. ఊరి సెంటరులోనే కాదు, పేట దగ్గర కూడా బస్సు ఆగాలి. పేట ముందు నుంచి పోయే రోడ్డు పేటలోకి రాకపోతే అది ఎవరి రోడ్డు?

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. నీకు రెండు సెంట్లు, వాడికి ఒక సెంటు అని మాలోడికి మాదిగోడికి, కట్ట మీద యానాదికి పేటలో ఉన్నవాడికి మధ్య చిచ్చు పెట్టేవాళ్ళు తయారవుతారు. రాయి పాతినప్పుడు అది కులం చూసి ఒక గుమ్మం దగ్గర ఆగదు. జాబితా ఒకటే ఉండాలి. అర్జీ ఒకటే ఉండాలి. తాసిల్దారు ఆఫీసుకి పోయేటప్పుడు అందరం కలిసే పోవాలి.

అన్నలారా, అక్కలారా! మన పెద్దలు తట్ట మోసినప్పుడు వాళ్ళ పేరు ఎవరూ రాసుకోలేదు. అందుకే ఇవాళ మనం ఆక్రమణదారులమయ్యాం. ఈసారి మన పేర్లు మనమే రాసుకుందాం. పలక పట్టిన పిల్ల ఇంట్లో ఉంటే ఆ పిల్ల చేతే రాయించండి. ఈ సాయంత్రమే మొదటి ఇంటి దగ్గర కూర్చోండి.

జై భీమ్!