చెరిపేసిన భయాలకు కాపలాదారులు

1970ల్లో అమెరికా టీవీ ఛానళ్లు తీయించిన దెయ్యాల సినిమాల కోసం ఇప్పటికీ కొందరు గాలిస్తుంటారు. ఎవరో ఇంట్లో రికార్డు చేసుకున్న వీడియో క్యాసెట్ కానీ, స్థానిక స్టేషన్లకు పంపిన 16 ఎంఎం ప్రింటు కానీ దొరికితే అపురూపంగా దాచుకుంటారు. చిన్ననాటి మీద బెంగ అని దీన్ని కొట్టిపారేయడం తేలిక. కానీ ఈ మోజుకు మూలం ఆ సినిమాల పనితనంలోనే ఉంది. 1973లో ఏబీసీ ప్రసారం చేసిన ‘డోంట్ బి అఫ్రెయిడ్ ఆఫ్ ది డార్క్’నే చూడండి. నిడివి గంటంబావు లోపే. ఇంటిల్లిపాదీ చూసే టీవీలో నెత్తురు పారించడం కుదరదు, చేతిలో డబ్బూ అంతంతమాత్రమే. దర్శకుడు జాన్ న్యూలాండ్ భయం భారమంతా వెలుతురు మీద పెట్టాడు. మూసి ఉన్న ఫైర్‌ప్లేస్ తలుపును ఇల్లాలు తెరవగానే బుల్లి ప్రాణులు కొన్ని ఇంట్లోకి చొరబడతాయి. వాటికి వెలుతురు గిట్టదు. గుసగుసగా ఆమెను పేరు పెట్టి పిలుస్తాయి, మెట్లకు అడ్డంగా తాడు కడతాయి. చివరికి ఆమెను ఈడ్చుకుపోతుంటే, ఆమెకు మిగిలిన ఆయుధం కెమెరా ఫ్లాష్ ఒక్కటే. మెరుపు మెరిసినంతసేపే అవి జంకుతాయి, వెంటనే మళ్లీ చీకటి. కోట్లు పోసిన సినిమాల్లోనూ ఇంతటి బిగువు అరుదు.

అన్నీ ఇంత గొప్పవేనా అంటే కాదు. చాలావరకు వారం తిరిగేసరికి మరిచిపోదగ్గవే. అయితే ఏది దాచాలో, ఏది పారేయాలో ఆ రోజే తేల్చగలవారెవరు? నైజెల్ నీల్ రాసిన ‘ది రోడ్’ నాటికను బ్రిటన్ ప్రసార సంస్థ బీబీసీ 1963లో ప్రసారం చేసింది. ఆ కథలో 18వ శతాబ్దపు అడవిలో వినిపించే ఆర్తనాదాలు గతించినవారివి కావు, రాబోయే అణుయుద్ధంలో చావబోయేవారివి. అంతటి ఊహకు ఇవాళ స్క్రిప్టే దిక్కు, రికార్డింగు లేదు. టేపు ఖరీదైన సరుకు కాబట్టి పాత కార్యక్రమాలను చెరిపి, అదే టేపును మళ్లీ వాడుకోవడం ఆనాటి రివాజు. దుర్బుద్ధితో చేసిందేమీ కాదు, రేపు ఎవరికైనా కావాలన్న ఆలోచనే రాలేదు.

ఇలా సేకరించిన సినిమాలకు కాపీలు తీసి అమ్ముకోవడం హక్కుదారులకు అన్యాయమన్న అభ్యంతరం న్యాయమైనదే. అమ్మకాన్ని నేను సమర్థించను. కానీ హక్కుదారులు విడుదల చేయక, ఇంకెవర్నీ చేయనివ్వక బీరువాలో మగ్గబెడితే ఫిల్ము రంగు వెలిసి, టేపు బూజు పట్టి పోతుంది. 1960ల నాటి సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’లో బీబీసీ పోగొట్టుకున్న భాగాలు కొన్ని ప్రైవేటు వ్యక్తుల దగ్గరి నుంచే తిరిగొచ్చాయి. ఈ సినిమాలకూ ఆ దారే తెరవాలి. తెచ్చిచ్చినవారిపై కేసు పెట్టబోమని ఛానళ్లు ముందే రాతపూర్వకంగా మాటివ్వాలి, ప్రింటును స్కాన్ చేసుకుని భద్రంగా వెనక్కివ్వాలి.