ఓడ ఫొటో వెనక్కి తిప్పి చూడండి

రంగం, అంటే రంగూన్, వెళ్ళిన తాతగారి గురించి ఎవరైనా నాలుగు మాటలు రాసి నలుగురితో పంచుకుంటే నాకు సంతోషం. ఆ మాటల పక్కన నాలుగు పొగగొట్టాల ఓడ బొమ్మ కనిపిస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. అది టైటానిక్కో, దానికంటే ఏడాది ముందు తిరగడం మొదలుపెట్టిన ఒలింపిక్కో అయి ఉంటుంది. ఇంగ్లండు నుంచి న్యూయార్కుకు జనాన్ని తీసుకెళ్ళడానికి కట్టిన ఓడలవి. భీమిలిలోనో కాకినాడలోనో ఎక్కి బంగాళాఖాతం దాటిన మనిషికీ వాటికీ ఏ సంబంధమూ లేదు. పాత ఓడ అని వెతికితే ఫోనులో ముందు వచ్చేది అదే కాబట్టి తాతగారి పక్కన అదే వచ్చి కూర్చుంటోంది. ఆ ఇంటి పిల్లలు ఆయన అలాంటి ఓడలోనే వెళ్ళారనుకుంటారు. రేపు వాళ్ళ పిల్లలకూ అదే చెబుతారు.

తాతగారు ఎక్కింది అలాంటిది కాదు. ఈ తీరం నుంచి రంగూన్ వెళ్ళినవాళ్ళను ఎక్కువగా మోసినవి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లు. కలకత్తాకూ రంగూన్‌కూ మధ్య టపా మోయడానికి 1856లో మొదలైన కంపెనీ అది. 1914లో పి అండ్ ఓ అనే మరో ఓడల కంపెనీతో కలిసిపోయాక కూడా తన పేరు, తన రంగులు వదులుకోలేదు. నల్లటి ఓడ, పక్కల వెంట ఒక తెల్ల గీత. నల్లటి పొగగొట్టం, దాని మీద దగ్గర దగ్గరగా రెండు తెల్ల పట్టీలు. ఎంత వెలిసిపోయిన ఫొటోలోనైనా ఆ రెండు పట్టీలు దొరుకుతాయి. టైటానిక్ పక్కన పెడితే ఈ స్టీమరు చిన్నదే. అయినా మన ఇళ్ళ కథలో ఉన్నది ఇదే.

మాది విశాఖ వన్‌టౌన్‌లో ఫొటో స్టూడియో. నాన్నగారు పెట్టారు, తర్వాత నేను నడిపాను, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్ళి ఆల్బములు ఎప్పుడూ ఉండేవే. వాటితోపాటు పాత ఫొటోలకు కాపీలు తీసే పని మాకు మొదటినుంచీ ఎక్కువ. రేవు ఊరు కదా, ఆ పాత ఫొటోల్లో ఓడలు తరచుగా తగులుతాయి. వాటిని చూసీ చూసీ నాకొక అభిప్రాయం గట్టిపడింది. ఇళ్ళలో ఉన్న అసలు ఫొటోలు బయటికి రావాలి. వాటి వెనకనున్న రాత, వాటిలో ఉన్నవాళ్ళను గుర్తుపట్టగల పెద్దల మాట కూడా వాటితోపాటే రావాలి. రాతా మాటా లేకుండా ఫొటో ఒక్కటే తిరిగితే, రెండు చేతులు మారేసరికి అది ఎవరిదీ కాకుండా పోతుంది.

కంచరపాలెం బర్మా క్యాంపు నుంచి ఒక పెద్దావిడ మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. చేతిలో మందపాటి అట్టకు అతికించిన ఫొటో. తలపాగా, కోటు, పంచెతో ఒకాయన కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. వెనకాల సముద్రం, అందులో స్టీమరు. కాస్త పరికించి చూస్తే ఆ సముద్రం గుడ్డ మీద గీసిన బొమ్మని తెలిసిపోతుంది. కింద గచ్చు దగ్గర తెర అంచు ముడత పడి ఉంది. మనవడికి అది నచ్చలేదు. వెనక తెర తీసేసి నిజం ఓడ ఏదైనా పెట్టమన్నాడు. చెదలు కొట్టిన అట్ట అంచులు కూడా కత్తిరించేయమన్నాడు. ఆ అట్ట కింది అంచునే ఉబ్బెత్తు ఇంగ్లీషు అక్షరాల్లో స్టూడియో పేరూ, దాని కింద మొగల్ స్ట్రీట్, రంగూన్ అనీ ఉంది. తాతగారు ఏ ఊళ్ళో, ఏ వీధిలో నిలబడి ఆ ఫొటో తీయించుకున్నాడో చెప్పే సాక్ష్యం ఆ ఇంటి మొత్తానికి అదొక్కటే. అంచు కత్తిరిస్తే అదీ పోతుంది. ఆ పిల్లవాణ్ణి కూర్చోబెట్టి భూతద్దం చేతికిచ్చి చదివించాను. తెర కూడా ఎందుకు ఉండాలో చెప్పాను. ఊరు విడిచి వెళ్ళిన మనిషి తానెలా వచ్చానో ఇంటివాళ్ళకు చూపించుకోవడానికే ఆ స్టీమరు తెరను ఎంచుకుని ఉంటాడు.

ఆవిడ అప్పుడు మాట కలిపారు. బర్మాలో నే విన్ ప్రభుత్వం 1964లో దుకాణాలన్నీ జాతీయం చేశాక మనవాళ్ళు ఓడల మీద ఓడలుగా తిరిగొచ్చారు. కొందరు మద్రాసులో దిగారు, కొందరు ఇక్కడే దిగారు. ఆవిడ అప్పటికి చిన్నపిల్ల. డెక్కు మీద చాప పరుచుకుంటే అదే ఇల్లు. ట్రంకుపెట్టెలు వరసగా పేర్చి పక్క కుటుంబానికీ తమకూ మధ్య గోడ కట్టుకున్నారట. అమ్మ చీర తాడు మీద ఆరేసి ఆడపిల్లలకు చాటు చేసిందట. కొత్త రంగు వాసన, ఇంజను నూనె వాసన కలిసి కడుపులో తిప్పేదనీ, ఈ రోజుకీ ఎక్కడైనా ఇనుప గేటుకు రంగు వేస్తుంటే ఆ ఓడ గుర్తొస్తుందనీ చెప్పారు. ఓడ పేరు గుర్తులేదు, వాసన గుర్తుంది. మనవడు ఆ సంగతి వినడం అదే మొదటిసారి. ఫోను తీసి రికార్డు చేయమన్నాను, చేశాడు.

ఫొటోలో ఏముందో చదవడం కూడా నేర్చుకోవాలి. విశాఖ ఫొటోలకు నా దగ్గర కొన్ని గుర్తులున్నాయి. 1933కి ముందు ఇక్కడ లోపలి రేవు లేదు. స్టీమరు దూరంగా లంగరు వేసుకుని ఉంటే, కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో కెరటాలు దాటుకుంటూ వెళ్ళి జనం ఎక్కేవాళ్ళు. రేవు కట్టేటప్పుడు డాల్ఫిన్ నోస్ దగ్గర కెరటాల పోటును ఆపడానికి జానస్, వెల్లెడ్‌సెన్ అనే రెండు పాత ఓడలను కావాలని ముంచి అడ్డుకట్ట వేశారు. ముసలి ఓడలు తాము మునిగి కొత్త ఓడలకు దారి ఇచ్చిన ఈ సంగతి ఈ ఊళ్ళో పిల్లలందరికీ తెలియాలని నా కోరిక. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ప్రయాణికుల ఓడ జలదుర్గ లోపలికి వచ్చింది. వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించింది ఆ డిసెంబరులో. కాబట్టి ఓడ గట్టునే ఆనుకుని, నిచ్చెన వేసి జనాన్ని ఎక్కించుకుంటున్న ఫొటో విశాఖదైతే అది 1933 అక్టోబరుకు ముందుది కాలేదు. డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్ కనిపిస్తే 1957 తర్వాతది. కాకినాడ సంగతి వేరు. అక్కడ తీరం దగ్గర లోతు చాలేది కాదు. పెద్ద ఓడ సముద్రంలోనే ఉంటే సరుకు తెరచాప పడవల్లో వెళ్ళేది.

ఒకసారి ఒక కుటుంబం 1928లో మా తాత విశాఖలో స్టీమరు ఎక్కుతున్నప్పటిదని ఒక ఫొటో తెచ్చింది. ఓడ గట్టుకు కట్టి ఉంది. ఏడాదైనా తప్పయి ఉండాలి, ఊరైనా తప్పయి ఉండాలి. ఫ్రేములోంచి తీసి వెనక్కి తిప్పితే పెన్సిలుతో సూలే అన్న రెండక్షరాలు కనిపించాయి. రంగూన్‌లో సూలే పగోడా వార్ఫ్ ఉంది. ఏడాది సరిగ్గానే చెప్పారు, ఊరే మారిపోయింది. ఆయన బయల్దేరుతున్నప్పటి ఫొటో కాదది, తిరిగి ఇంటికి వస్తున్నప్పటిది. ఆ సంగతి తెలిశాక ఆ ఇంట్లో వాళ్ళు ఆయన ముఖాన్ని చూసిన తీరే మారిపోయింది.

ఓడలంటే ప్రాణమిచ్చేవాళ్ళున్నారు. బరువెంత, పొడవెంత, ఏ యార్డులో కట్టారు, ఎన్ని నాట్ల వేగం, అన్నీ నోటికి చెబుతారు. వాళ్ళ శ్రద్ధ నాకు ఇష్టం. వాళ్ళ ఫొటోల్లో ఓడ ఎప్పుడూ దూరం నుంచి, పక్కవాటుగా, నిండుగా ఉంటుంది. డెక్కు మీద మనిషి మాత్రం కనిపించడు. రాజులా అనే ఓడనే తీసుకోండి. 1926లో గ్లాస్గోలో బార్‌క్లే కర్ల్ యార్డులో తయారైంది. మద్రాసు, నాగపట్నం నుంచి పెనాంగు, సింగపూరు దాకా దాదాపు నలభై ఏడేళ్ళు, 1973 వరకూ తిరిగింది. మలయా రబ్బరు తోటలకు వెళ్ళిన దక్షిణాది కుటుంబాలకు ఇప్పటికీ తెలిసిన పేరది. ఆ ఏడే పుట్టిన తోబుట్టువు రోహ్నా కథ మరో రకం. సైనికులను మోస్తూ 1943 నవంబరు 26న అల్జీరియా తీరాన జర్మన్ బాంబుకు మునిగింది. వెయ్యిమందికి పైగా అమెరికన్ సైనికులు పోయారు. అమెరికాలో ఆ కుటుంబాలవాళ్ళు ఆ ఓడను ఈనాటికీ తలచుకుంటారు. రాజులా డెక్కు మీద చాపలేసుకుని వెళ్ళినవాళ్ళ వారసులు మనలోనూ ఉన్నారు. మనం ఎంత తలచుకుంటున్నాం?

పేరున్న పెద్ద ఓడల్లో క్వీన్ మేరీని 1967 నుంచి అమెరికాలోని లాంగ్ బీచ్‌లో ఉంచుకున్నారు. క్వీన్ ఎలిజబెత్ 2 దుబాయిలో హోటలైంది. రాజులాను ముక్కలు చేసి ఇనుముకు అమ్మేశారు. డెక్ ప్రయాణికుల ఓడలకు మిగిలిన చోటు ఇళ్ళలోని ఆ ఫొటోలే.

మన విశాఖ యార్డు ఫొటోల్లోనూ మామూలు మనుషులు ఇలాగే కనిపించకుండా పోతున్నారు. 1948 మార్చి 14న నెహ్రూగారు సింధియా షిప్‌యార్డులో జల ఉషను నీళ్ళలోకి దించారు. ఆ రోజు ఫొటో అంటే అందరూ నెహ్రూగారిని చూస్తారు. నేను ఆ వెనక వరసలో నిలబడ్డవాళ్ళను చూస్తాను. ఆ ఓడకు రేకులు మోసినవాళ్ళు, రంగు వేసినవాళ్ళు ఎవరో ఒక్క పేరైనా దొరుకుతుందేమోనని వెనక్కి తిప్పుతాను.

ఇప్పుడు కొత్త బెడద వచ్చింది. నలుపు తెలుపు ఫొటోలకు రంగులేసే యాప్‌లు. అవి పొగగొట్టం అనగానే ఎరుపు పూసేస్తున్నాయి, తెల్ల పట్టీలను మరకలనుకుని చెరిపేస్తున్నాయి. పైభాగం నల్లగా, కింద ఎర్రగా వస్తే అది కునార్డు వాళ్ళ ఓడ అయిపోతుంది. రంగులు ముచ్చటగానే ఉంటాయి, కాదనను. అసలు కాపీని అలాగే దాచి, రంగులది వేరుగా ఉంచుకోండి. పంపేటప్పుడు రెండూ కలిపి పంపండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే చిక్కి సగమైపోతుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళుతుంది. ముందు వైపు, వెనక వైపు, అట్ట అంచులతో సహా స్కాన్ చేయించండి. సముద్రపు చెమ్మకు ఫొటో ఫ్రేము అద్దానికి అంటుకుపోయి ఉంటే లాగొద్దు. లాగితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో పాటే కాపీ తీయవచ్చు. వెనకాల పేర్లు రాయడానికి మెత్తటి పెన్సిలు చాలు. బాల్‌పెన్ను సిరా కొన్నేళ్ళకు ముందు వైపుకు ఊరుతుంది.

ఇవి ఇళ్ళు చేయగల పనులు. రేవు చేయవలసిన పని ఒకటుంది. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా అక్కడికి వెళ్ళిన కూలీల ఓడ జాబితాలను దక్షిణాఫ్రికాలో దాచారు. పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలతో సహా ఉంటాయి. వాటి ఆధారంతోనే అక్కడి తెలుగువాళ్ళు తమ ముత్తాతల ఊరు వెతుక్కుంటూ ఇక్కడికి వస్తున్నారు. మారిషస్‌లో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆనాటి కూలీల ఫొటోలు కూడా భద్రం చేసింది. వెళ్ళినచోట ఇంత దాచారు. బయల్దేరినచోట, ఈ బీచి రోడ్డు మీద, కురుసుర జలాంతర్గామి మ్యూజియమైంది. టీయూ-142 విమానమూ అయింది. రెండూ చూడవలసినవే. వాటి పక్కన చాపా ట్రంకుపెట్టే పట్టుకుని ఓడెక్కిన జనానికి ఒక గది ఇవ్వడం ఈ ఊరికి పెద్ద బరువు కాదు.

2033 అక్టోబరుకు విశాఖ రేవుకు నూరేళ్ళు నిండుతాయి. వేదికలు, ఉపన్యాసాలు, సావనీర్లు అప్పుడు ఎలాగూ ఉంటాయి. ఈలోగా రేవు యాజమాన్యం వారానికొక రోజు ఒక బల్ల, ఒక స్కానరు, తెలుగు రాయగల ఒక మనిషిని వన్‌టౌన్‌లో, బర్మా క్యాంపులో, భీమిలిలో కూర్చోబెట్టాలి. జనం ఫొటో తెస్తారు, అక్కడికక్కడే కాపీ తీసి అసలుది వాళ్ళకే ఇచ్చేయాలి. పెద్దవాళ్ళు చెప్పేది రికార్డు చేయాలి. ఖర్చు పెద్దగా ఉండదు, ఆలస్యానికే ధర ఎక్కువ. 1964లో డెక్కు మీద ఆడుకున్న పిల్లలకే ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతున్నాయి.

ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి మనిషి దొరక్కపోతే నేను కూర్చుంటాను. ముందుగా చూడాలని ఉన్న ఫొటో ఒకటుంది. జలదుర్గ లోపలికి వచ్చిన రోజు గట్టు మీద నిలబడి చూసినవాళ్ళ, అందులోంచి దిగినవాళ్ళ వారసులు ఈ జిల్లాల్లో ఎక్కడో ఉండే ఉంటారు. ఆనాటి ఫొటో ఏ పాత పెట్టెలోనైనా ఉంటే ఈ ఆదివారమే తీసి, వెనక ఏం రాసుందో చదవండి. ఏమీ రాసి లేకపోతే, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయండి.