బొమ్మలకు డిగ్రీ ఎందుకు?

గత నెలలో మా పెదనాన్నగారి అబ్బాయి ఫోను చేశాడు. వాళ్ళమ్మాయి ఇంటర్మీడియట్ పూర్తి చేసింది. ఎం.పి.సి.లో మార్కులు బాగానే వచ్చాయి. తీరా ఇప్పుడు ఇంజనీరింగు వద్దు, బి.ఎఫ్.ఏ. చదువుతానని భీష్మించుకుని కూర్చుందట. "ఒరే, నువ్వు ఆ చదువు చదివినవాడివి. అందులో ఏముందో, ఏం లేదో నీకు తెలుసు. నువ్వు చెబితే వింటుంది. కాస్త మాన్పించు" అన్నాడు అన్నయ్య. నా మనసు నొచ్చుకుంటుందని తోచింది కాబోలు, "బొమ్మలు వేయొద్దనటం లేదురా, ఆదివారాలు వేసుకోమను. బొమ్మలకు డిగ్రీ ఎందుకు?" అని కూడా అన్నాడు.

ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేక, ఆలోచించి చెబుతానని ఫోను పెట్టేశాను. నెల రోజులుగా ఆలోచిస్తూనే ఉన్నాను. నాలుగేళ్ళు ఆ చదువు చదివి, ఆ తరువాత ఇన్నేళ్ళుగా పత్రికాఫీసులో పేజీలు దిద్దుకుంటూ బతుకుతున్నవాణ్ణి, నాకే జవాబు తెలియకపోతే ఇక ఎవరికి తెలియాలి?

అన్నయ్య పక్షాన సాక్ష్యం చెప్పటానికి పెద్దవాళ్ళే ఉన్నారు. బాపుగారు చదివింది న్యాయశాస్త్రం. అడివి బాపిరాజుగారూ బి.ఎల్. చదివినవారే. సంజీవదేవ్ గారు ఏ కళాశాల పట్టా లేకుండానే తుమ్మపూడిలో ఉండి బొమ్మలు వేశారు, చిత్రకళను గురించి జీవితమంతా రాశారు. అయితే బాపిరాజుగారికి డిగ్రీ లేకపోయినా గురువు ఉన్నాడు. బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ దగ్గర కూర్చుని ఆయన చిత్రకళ నేర్చుకున్నారు. దామెర్ల రామారావు సంగతీ అంతే. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న కూల్డ్రే దొర ఆ పిల్లవాడి చేతిలో ఏముందో గుర్తించి ప్రోత్సహించబట్టే అతడు బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్ళగలిగాడు. 1925లో, 28 ఏళ్ళు నిండకముందే, మశూచితో పోయాడు. అంత కొద్ది కాలంలో అతను వేసినవి నేటికీ రాజమండ్రి చిత్రశాలలో ఉన్నాయి. ఆదివారాలు వేసుకుంటూ ఉండి ఉంటే అన్ని బొమ్మలు వేయటానికి ఆ ఆయుర్దాయం చాలేది కాదు.

కాబట్టి ప్రశ్నను కొంచెం మార్చుకోవాలి. పట్టా ఎందుకన్నది కాదు, నాలుగేళ్ళు ఒక గదిలో నిలబడి బొమ్మలు వేస్తే ఏమవుతుందన్నది ప్రశ్న.

నా మటుకు నాకు మొదట జరిగింది, ఉన్నది పోవటం. పదో తరగతి నాటికే నేను మా ఊళ్ళో ఆర్టిస్టును. క్యాలెండర్లలో లక్ష్మీదేవినీ, సినిమా పోస్టర్లలో కథానాయకులనూ గళ్ళు గీసుకుని అచ్చుగుద్దినట్లు దించేవాణ్ణి. పెళ్ళిళ్ళకు "వధూవరులు" బోర్డులు రాసేవాణ్ణి. ఆ గర్వంతోనే కళాశాలలో అడుగు పెట్టాను. మొదటి వారంలోనే మా ముందు ఒక ముసలాయనను కూర్చోబెట్టారు. ఏదో కూలిపని చేసుకునే మనిషి, మోడలుగా కూర్చుంటే రోజుకింత అని ఇచ్చేవారు. ఇరవై మందిమి చుట్టూ కూర్చుని బొగ్గుతో గీయటం మొదలుపెట్టాము. నేను గంటలో ముగించి చేతులు దులుపుకున్నాను. మాస్టారు వెనుక నుంచి వచ్చి, ఒక్క క్షణం చూసి, గుడ్డతో మొత్తం తుడిచేశారు. "నీకు తెలిసిన కన్ను వేశావు. ఆయన కన్ను వేయలేదు" అన్నారు.

నిజమే. ఆయన ఎడమ కన్ను సగం మూతపడి ఉంది. నేను వేసినవి క్యాలెండరు లక్ష్మీదేవి కళ్ళు, ఒకదానికొకటి సరిజోడుగా!

మరునాడు మాస్టారు నా ఎదుట ఒక విరిగిన కుర్చీ పెట్టి, "కుర్చీని గీయకు. కుర్చీ కాళ్ళ మధ్య ఉన్న ఖాళీలను గీయి" అన్నారు. నాకు ఆయన పరిహాసమాడుతున్నారనిపించింది. ఖాళీని ఎలా గీస్తారు? మూడు రోజులు గీశాను. మూడో రోజు సాయంత్రం, కాగితం మీద ఆ ఖాళీలన్నీ ఒక్కొక్కటే సరిపడి కూర్చున్నాక, నేను గీయని కుర్చీ దానంతటది అక్కడ నిలబడింది. కుర్చీ అంటే నాకు ముందే తెలుసు గనుక ఎప్పుడూ తప్పుగానే వేసేవాణ్ణి. ఆ ఖాళీ నాకు తెలియదు, అందుచేత చూడక తప్పలేదు. ఆ తరువాత నేర్చుకున్నవన్నీ, తైలవర్ణాలు, కంపోజిషన్, అచ్చుపలక మీద ఎచ్చింగు, అన్నీ ఆ మూడు రోజులకు వ్యాఖ్యానాలే అనిపిస్తుంది.

ఇది ఆదివారం నాడు ఇంట్లో కూర్చుని నేర్చుకోరాదా అంటే, మహానుభావులు నేర్చుకోవచ్చు. సామాన్యుడు నేర్చుకోలేడు. ఆదివారపు చిత్రకారుడు తనకు బాగా వచ్చినదే మళ్ళీ మళ్ళీ వేస్తాడు. ఇంటికొచ్చినవాళ్ళు బాగుందంటారు. చేత్తో వేసిన బొమ్మను బాగాలేదనే బంధువు ఉంటాడా? కళాశాలలో చుట్టాలుండరు. పక్కనే ఇంకొకడు అదే ముసలాయనను, అదే వెలుతురులో, నాకంటె బాగా వేస్తూ ఉంటాడు. ఆ ఈర్ష్య కూడా చదువులో భాగమే. ఇక స్కెచ్చుల సంగతి చెప్పనే అక్కరలేదు. వారానికి ఇన్ని వందలని లెక్క. రైల్వే స్టేషనులో, కూరగాయల బజారులో, బస్టాండులో కూర్చుని గీసేవాళ్ళము. స్టేషనులో మనుషులు ఒక్క భంగిమలో ఉండరు, రైలు వస్తే లేచి పోతారు. సగం గీసిన వీపులు, తల లేని మూటలు, గిన్నె లేని చేతులు. నా దగ్గర ఇప్పటికీ ఒక గోనె నిండా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ పూర్తయిన బొమ్మ కాదు.

మన వాళ్ళలో కె. లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం ఇద్దరూ హైదరాబాదు లలితకళల కళాశాలలో చదివి, ఆపైన బరోడా వెళ్ళినవారే. ఒకరు 1960లలో, మరొకరు 1970ల ఆరంభంలో. అక్కడ ఇద్దరికీ గురువు కె.జి. సుబ్రమణ్యన్. ఆయన మొదట మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో అర్థశాస్త్రం చదువుకుని, క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళివచ్చి, 1944లో శాంతినికేతనంలో చేరిన మనిషి. లక్ష్మాగౌడ్ మెదక్ పల్లెలు, మేకలు, మోటు శృంగారం, వైకుంఠం తెలంగాణ స్త్రీలు, నుదుట పెద్ద బొట్టు, చిన్నప్పుడు ఊరి నాటకాల్లో చూసిన ఆడవేషాలు... ఇవన్నీ వాళ్ళు పుట్టినప్పటినుంచీ కళ్ళ ముందున్నవే. అయినా ఊరు వదిలి అంత దూరం వెళ్ళి, పికాసోనూ, జపాను అచ్చుబొమ్మలనూ, బెంగాలు పటాలనూ చూశాక గాని ఆ ఊరు కాగితం మీదికి రాలేదు. విశ్వవిద్యాలయం వాళ్ళకు ఊరిని ఇచ్చిందని అనను. ఊరిని చూసేందుకు కావలసినంత దూరం ఇచ్చింది.

ఇంకొకటి కూడా ఇవ్వాలి. తప్పు చేయటానికి నాలుగు గోడల చాటు. పరీక్షకు పెట్టిన బొమ్మ ఎగ్జిబిషనుకు పెట్టిన బొమ్మ కాదు. అది గురువుకూ శిష్యుడికీ మధ్య మాట. 2007 మే నెలలో అదే బరోడాలో పీజీ చదువుతున్న ఒక తెలుగు విద్యార్థి పరీక్ష కోసం పెట్టిన బొమ్మలు కొందరి మనోభావాలను గాయపరిచాయని పోలీసులు వచ్చి అతణ్ణి తీసుకుపోయారు. విద్యార్థుల పక్షాన నిలిచిన డీన్ శివాజీ పణిక్కర్‌ను విశ్వవిద్యాలయమే సస్పెండు చేసింది. ఆ బొమ్మలు మంచివా కావా అన్న చర్చ నాకు అక్కరలేదు. చెడ్డవే అయితే చెడ్డవని మార్కులు వేయటానికే గదా పరీక్ష!

ఇంతవరకూ రాసింది చదివితే అన్నయ్య "అయితే చేర్పించమంటావు" అంటాడు. అక్కడే నా గొంతులో ముల్లు ఉంది.

నాతో ఒకే గదిలో ఉండిన మిత్రుడొకడు వినాయకుడి విగ్రహాలు చేసే కుటుంబంలోంచి వచ్చాడు. మాకు మట్టి పిసకటమే రాని రోజుల్లో అతడు రెండు గంటల్లో తల చేసి నిలబెట్టేవాడు. లోపలి ఇనుప చట్రం ఎక్కడ వంగాలో, మట్టి ఎంత తడిగా ఉంటే చెవి జారిపోకుండా ఉంటుందో అతనికి వేళ్ళలో ఉండేది. మాస్టార్లు కూడా అతని పని దగ్గర ఆగి చూసేవారు. అటువంటివాడు కళాచరిత్ర పేపరు తప్పాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ తప్పాడు. మూడోసారీ అంతే. ఎందుకంటే ఆ పేపరు ఇంగ్లీషులో ఉంటుంది, జవాబు ఇంగ్లీషులో రాయాలి. అతనికి అజంతా తెలుసు, అమరావతి శిల్పంలో ఒక మనిషి భుజం మీద ఇంకొక మనిషి చెయ్యి ఎలా ఆనుతుందో మట్టిలో చేసి చూపగలడు. ఆ సంగతి ఇంగ్లీషు వాక్యంలో పెట్టలేడు. తెలుగులో రాయనిమ్మని అడిగితే, దిద్దేవాళ్ళు లేరన్నారు. మూడో ఏట చదువు మానేసి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఫైబరుతో నాయకుల విగ్రహాలు పోత పోస్తాడు. ఎన్నికల ఏడాదిలో చేతినిండా పని. సంపాదనలో నాకంటె ఎన్నో రెట్లు మేలు. కిందటి సంక్రాంతికి కలిసినప్పుడు, "అన్ని తలలూ ఒకే మూసలోంచి వస్తాయి, మీసాలు మారుస్తానంతే" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

చిత్రం ఏమిటంటే, ఆ పేపరులో మేము కంఠస్థం చేసినవాటిలో షడంగాలు ఒకటి. రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. కామసూత్రాలకు యశోధరుడు రాసిన వ్యాఖ్యలోనివి. ఈ ఆరు మాటల్లో తెలుగువాడు బొత్తిగా ఎరగని మాట ఎన్ని? వీటిని మేము ఇంగ్లీషు అక్షరాల్లో చదివి, ఇంగ్లీషు అర్థాలు బట్టీపట్టి, ఇంగ్లీషులో అప్పగించాము. "లావణ్యం" అంటే ఏమిటో మా మిత్రుడికి ఇంగ్లీషులో రాయటం రాలేదని మార్కులు పోయాయి. శ్రీకాళహస్తి కలంకారీవాళ్ళకు కరక్కాయ ఎందుకు వేయాలో, పాలలో గుడ్డ ఎందుకు ముంచాలో తెలుసు. బెల్లం, ఇనుప ముక్కలు కలిపి పులియబెడితే నలుపు ఎలా వస్తుందో తెలుసు. కొండపల్లివాళ్ళకు పొణికి కర్ర తెలుసు. అవన్నీ తెలుగు మాటలే. ఆ ఇళ్ళ పిల్లలు విశ్వవిద్యాలయం గడప దగ్గరికి వచ్చేసరికి ఏమీ తెలియనివాళ్ళయిపోతారు. 1850లో మద్రాసులో ఆ స్కూలు పెట్టినప్పుడు దొరలు చేతిపనివాళ్ళకు డ్రాయింగు నేర్పాలనుకున్నారు. ఇప్పుడు డ్రాయింగు వచ్చిన చేతిపనివాడికి దొరల భాష రాలేదని బయటికి పంపుతున్నాము. సిద్ధాంతం పేపరును తెలుగులో రాయనివ్వటానికి కొత్త భవనాలు కట్టనవసరం లేదు. తెలుగులో పాఠం చెప్పగల ఇద్దరు మనుషులు, ఒక మంచి పుస్తకం చాలు. 2008లో హైదరాబాదులో ఆర్కిటెక్చరుకూ లలితకళలకూ ప్రత్యేకంగా ఒక విశ్వవిద్యాలయమే వచ్చింది. 2020లో కడపలో మరొకటి వచ్చింది. విశ్వవిద్యాలయాలు రెండయ్యాయి గాని, ఆ పుస్తకం మాత్రం నా కంటబడలేదు.

మా అమ్మాయికి ఈ బాధ లేదు. ఇంగ్లీషు మీడియంలో చదివింది. కనుక అన్నయ్యకు చెప్పవలసింది ఇంకొకటి ఉంది, డబ్బు సంగతి. అబద్ధం చెప్పను. పెయింటింగు చదివినవాళ్ళలో బొమ్మలమ్ముకుని బతికేవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. తల్లిదండ్రులు రాజీపడి "పోనీ అప్లైడ్ ఆర్ట్" అంటారు, ఉద్యోగాలుంటాయని. ఆ ఉద్యోగాలే ఇప్పుడు కదులుతున్నాయి. మా ఆఫీసులో కథకు బొమ్మ కావాలంటే ఒకప్పుడు ఆర్టిస్టుకు రెండు రోజులు గడువిచ్చేవాళ్ళము. ఇప్పుడు నాలుగు మాటలు టైపు చేస్తే యంత్రం పది బొమ్మలు పోస్తుంది. చాలా వరకు అవి నేను పదో తరగతిలో వేసిన బొమ్మల్లాంటివే, రెండు కళ్ళూ సరిజోడుగా ఉంటాయి. పాఠకులు ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఇంజనీరింగు చదివినవాడి పని మాత్రం భద్రమా అని అన్నయ్యను ఎదురు ప్రశ్న వేయవచ్చు గాని, అది జవాబు కాదు, తగవు.

ఆ పిల్లతో నేరుగా మాట్లాడాను. వేసినవి పంపమంటే ముప్ఫై దాకా పంపింది. సినిమా నటుల ముఖాలు, ఫోను తెర చూసి దించినవి. షేడింగు నున్నగా ఉంది. చూస్తూ చూస్తూ చివరికి ఒకటి కనబడింది. వాళ్ళ నానమ్మ, అంటే మా పెద్దమ్మ, వసారాలో చాప మీద పడుకుని ఉంది. పాదాలు మరీ పెద్దవిగా పడ్డాయి, చెయ్యి ఎటు పోయిందో తెలియదు. "ఇది బాగా రాలేదు బాబాయ్, పొరపాటున కలిసిపోయింది" అంది. పెద్దమ్మ పడుకున్నప్పుడు చీరచెంగు పిడికిట్లో పట్టుకుని పడుకుంటుంది. ఆ పిడికిలి మటుకు ఉంది ఆ బొమ్మలో.

ప్రవేశ పరీక్షలో సాధారణంగా జ్ఞాపకం మీద ఒక బొమ్మ, ఎదుట ఉన్న వస్తువును చూసి ఒక బొమ్మ వేయమంటారు. దానికి పనికొస్తుందని చెప్పి, ఒక కుర్చీ ఎదురుగా పెట్టుకుని దాని కాళ్ళ మధ్య ఖాళీలు మాత్రం గీసి పంపమన్నాను. "ఖాళీలు ఎలా గీస్తారు బాబాయ్?" అంది. నిన్న రాత్రి పదకొండు బొమ్మలు వచ్చాయి. తొమ్మిదింటిలో కుర్చీనే గీసింది. మిగతా రెండూ ఇంకా చూస్తున్నాను. అన్నయ్యకు ఈ ఆదివారం ఫోను చేయాలి.