ఆయాసం ముదిరేదాకా ఆగొద్దు: గుండె ఎకో పరీక్ష తండా పిల్లకూ అందాలి



గుండెజబ్బు అనగానే యాభై దాటిన మనిషి, ఛాతీనొప్పి, స్టెంటు గుర్తుకొస్తాయి. ఈ కరపత్రం ఇంకో గుండెజబ్బు గురించి. అది బడికి పోయే వయసులో, గొంతునొప్పితో మొదలవుతుంది. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి గొంతులో చేరుతుంది. నాలుగు రోజుల్లో గొంతు బాగవుతుంది. రెండు మూడు వారాలకు జ్వరం తిరగబెడుతుంది, మోకాలు వాస్తుంది. అది తగ్గేలోపే చీలమండ, ఆ తర్వాత మోచెయ్యి. ఎదిగే పిల్ల, ఒళ్లు నొప్పులేలే అని ఇంట్లో సరిపెట్టుకుంటారు. కానీ సూక్ష్మజీవి మీదికి లేచిన ఒంటి రక్షణశక్తి ఈలోపు గుండె వాల్వులను దెబ్బతీస్తుంది. దీన్నే రుమాటిక్ గుండెజబ్బు అంటారు. ఇరుకు ఇళ్లలో, కిక్కిరిసిన హాస్టళ్లలో పెరిగే పిల్లలకే ఎక్కువగా వస్తుంది, అంటే మన పిల్లలకే.

ఆ పిల్ల పెరుగుతుంది, పెళ్లవుతుంది, కడుపుతో ఉంటుంది. గర్భంలో ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మైట్రల్ వాల్వు 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. మచ్చలు కట్టి అది 1.5కి కుంచించుకుపోతే, పెరిగిన రక్తం దాటలేక ఊపిరితిత్తుల వైపు వెనక్కి నెట్టుకొస్తుంది. ఐదో నెల, ఆరో నెల దాటాక రాత్రిళ్లు పడుకోలేకపోవడం, దమ్ము ఆడకపోవడం అందుకే. కడుపుతో ఉన్నవాళ్లకు ఆయాసం మామూలేనన్న మాట ఎన్ని ఇళ్లలో వింటున్నాం! చిన్నప్పటి జబ్బు చాలామంది ఆడపిల్లల్లో మొదటిసారి బయటపడేది ఈ దశలోనే.

ఇంత ఆలస్యం కానక్కర్లేదు. వాల్వు ఎలా తెరుచుకుంటోందో, రక్తం వెనక్కి లీకవుతోందో లేదో ఎకో పరీక్షలో కంటికి కనిపిస్తుంది. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు మొదలుపెట్టిన పద్ధతి ఇది. శబ్ద తరంగాలతో చేస్తారు. సూది ఉండదు, రేడియేషన్ ఉండదు, కడుపులో బిడ్డకు ముప్పు లేదు. స్టెతస్కోపును తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. తేలికపాటి లీకు చెవికి వినపడదు, అంతే. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో కంబోడియా బడిపిల్లలను డాక్టర్లు ముందు చేత్తో, స్టెతస్కోపుతో చూశారు. వెయ్యికి ఇద్దరిలో జబ్బు దొరికింది. ఆ పిల్లలకే ఎకో చేస్తే వెయ్యికి 21 మందిలో కనిపించింది.

దొరికితే లాభమేంటని అడిగేవాళ్లకు ఉగాండా జవాబు చెప్పింది. ఎకోలో తొలిదశ జబ్బు దొరికిన 818 మంది పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేశారు. రెండేళ్ల తర్వాత మళ్లీ ఎకో తీశారు. సూది పడని జట్టులో 8.2 శాతం మందికి జబ్బు ముదిరింది. సూది పడిన జట్టులో 0.8 శాతం మందికే. ఆ సూది పాతది, చవకది, మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేయదగ్గది. దాన్ని ఎవరికి వేయాలో చెప్పేది ఎకో. వాల్వు అప్పటికే ఇరుకైపోతే, బెలూన్‌తో తెరవడానికి పనికొస్తుందా, ఆపరేషన్ కావాలా అన్నది తేల్చేదీ అదే.

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఇవన్నీ మన చేతికి అందనివి కావు. ఎంజీఎం ఆస్పత్రి ఉంది, కాకతీయ మెడికల్ కాలేజీ సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ఉంది. ఇప్పుడు వాటి మీదే భారమంతా వేయక్కర్లేదు. మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లిలకు 2023లో, ములుగు, నర్సంపేటలకు 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఇన్ని బోధనాసుపత్రులు దగ్గర్లో పెట్టుకుని ఏటూరునాగారం అవతలి గూడెం నుంచి గర్భిణి వరంగల్ దాకా ఎందుకు రావాలి?

అందుకే అడుగుతున్నాం. ఈ ఐదు చోట్లా వారంలో ఒక రోజు పిల్లలకు, గర్భిణులకే ఎకో కేటాయించాలి. మిషన్ ఉన్న చోట కూడా రోజు కేటాయించకపోతే, దూరం నుంచి వచ్చినవాళ్లకు రేపు రమ్మన్న మాటే మిగులుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వెతకాల్సిన జబ్బుల్లో రుమాటిక్ గుండెజబ్బూ ఉంది. బడికి, అంగన్‌వాడీకి వచ్చే ఆ బృందాలు కీళ్లవాపు, ఆయాసం ఉన్న ప్రతి పిల్లనూ ఎకోకు పంపాలి. ముందు గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలందరికీ ఎకో చేయాలి. ప్రతి నెలా 9న జరిగే గర్భిణుల పరీక్షల్లో ఆయాసం గురించి అడిగి తీరాలి.

చేతిలో పట్టే ఎకో మిషన్లు ఊరూరా తిప్పితే సరిపోదా అని కొందరంటారు. కడుపులో బిడ్డనూ చూపగల శబ్ద తరంగాల మిషన్లకు మన దగ్గర ఒక చట్టం ఉంది. ఆడపిండాల హత్యలు ఆపడానికి తెచ్చిన 1994 లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద 2012లో వచ్చిన నిబంధన, ఇలాంటి మిషన్లను రిజిస్టరైన ఆస్పత్రిలో గానీ, ఇతర వైద్యసేవలూ అందించే సంచార వైద్య వాహనంలో గానీ తప్ప వాడనివ్వదు. ఆ చట్టాన్ని సడలించమని మేం అడగం. ఆడపిల్ల ప్రాణం కోసమే ఈ కరపత్రం, ఆ చట్టం కూడా అందుకే. రిజిస్టరైన వాహనం, అర్హత ఉన్న డాక్టరు, రాసిపెట్టిన రిజిస్టరు ఉంటే ఆశ్రమ పాఠశాలకు వెళ్లడానికి చట్టం అడ్డు కాదు.

అన్నిటికన్నా కష్టమైన పని ఎకో తర్వాత మొదలవుతుంది. సూది ఏళ్ల తరబడి తప్పకుండా పడాలి. పెన్సిలిన్ రియాక్షన్ భయంతో కొన్నిచోట్ల వేయడానికే వెనకాడతారు. సిబ్బందికి శిక్షణ, పక్కనే అడ్రినలిన్, ముందుగా పరీక్ష మోతాదు: భయానికి మందు ఇది. ప్రతి మండలంలో సూది తేదీల రిజిస్టరు ఉండాలి, తేదీ తప్పిన ఇంటికి ఆశా అక్క వెళ్లాలి, స్టాకు అయిపోకముందే తెప్పించాలి. ఇది కుదరకపోతే ఎకో తీసి ఫలితం లేదు.

మీ ఇంట్లో, మీ తండాలో కీళ్లవాపు వచ్చి తగ్గిన పిల్ల ఉంటే, మెట్లెక్కితే దమ్మొచ్చే గర్భిణి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించి ఎకో గురించి అడగండి. గ్రామసభలో తీర్మానం చేయించండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. ఈ డిమాండ్లు రాసిన అర్జీ అక్కడ ఇచ్చి, రసీదు తీసుకోండి.